పాత ఫ్రేమ్‌వర్క్‌కి కొత్త సర్వర్: జెట్టీ 12 సపోర్ట్ ఎలా చేర్చాలి

మీరు ఒక జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటున్నారనుకుందాం. లోపల జెట్టీ అనే జావా వెబ్ సర్వర్, 9వ వెర్షన్ గానీ 10వది గానీ నడుస్తోంది. వాడేవాళ్లు "జెట్టీ 12 ఎప్పుడు?" అని అడుగుతున్నారు. వాళ్లు అడగడంలో న్యాయం ఉంది. జెట్టీ 9కి కమ్యూనిటీ సపోర్ట్ 2022లోనే ముగిసింది, 10, 11లకు 2024లో ముగిసింది. సెక్యూరిటీ స్కానర్ నడిపే ప్రతి టీమూ మీ ఫ్రేమ్‌వర్క్ పేరు పక్కన ఎర్ర గీత చూస్తోంది.

వెర్షన్ నంబర్ మార్చి బిల్డ్ కొడితే వందల ఎర్రర్లు వస్తాయి. వాటికి భయపడనక్కర్లేదు, కంపైలర్ చూపించిన తప్పులన్నీ రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. అసలు పని కంపైలర్ కంటపడని చోట ఉంటుంది. పాత సర్వర్ ఏళ్ల తరబడి మౌనంగా చేస్తూ వచ్చిన పనులు కొన్నింటిని కొత్తది వేరేగా చేస్తుంది. మీ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లు ఆ మౌనం మీదే ఆధారపడి ఉంటారు. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఏ దారో తేల్చుకోండి

జెట్టీ 9.4 జావా 8 మీద, సర్వ్‌లెట్ 3.1తో నడిచేది. సర్వ్‌లెట్ అంటే వెబ్ రిక్వెస్ట్‌లను జావా కోడ్‌కి అందించే ప్రామాణిక ఏపీఐ. 2020 చివర్లో 10, 11 కవలల్లా ఒకేసారి వచ్చాయి. రెండింటికీ జావా 11 కావాలి. 10లో పాత జావాఎక్స్ ప్యాకేజీ పేర్లు, సర్వ్‌లెట్ 4.0 ఉంటే, 11లో అదే కోడ్ జకార్తా పేర్లతో, సర్వ్‌లెట్ 5.0గా ఉంది. జావా ఈఈని (సర్వ్‌లెట్ లాంటి సర్వర్ ఏపీఐల సముదాయం) ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించింది. జావాఎక్స్ అన్న పేరు మాత్రం ట్రేడ్‌మార్క్ చిక్కుల వల్ల వెంట రాలేదు. అందుకే 2020లో జకార్తా ఈఈ 9తో ప్యాకేజీ పేర్లన్నీ ఒక్కసారిగా మారాయి.

2023లో వచ్చిన జెట్టీ 12కి కనీసం జావా 17 ఉండాలి. ఇందులో పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. సర్వర్ గుండెకాయ, అంటే కోర్, ఇప్పుడు సర్వ్‌లెట్ ఏపీఐ మీద ఏమాత్రం ఆధారపడదు. సర్వ్‌లెట్ అనేది పైన తొడిగే పొర. ఆ పొరలు కూడా ఒకటి కాదు: జావాఎక్స్ పేర్లతో ఈఈ8, జకార్తా పేర్లున్న తొలి వెర్షన్‌తో ఈఈ9, సర్వ్‌లెట్ 6.0తో ఈఈ10. ఆ తర్వాతి 12.1లో సర్వ్‌లెట్ 6.1 కోసం ఈఈ11 చేరింది.

అంటే మీ ముందు మూడు దారులున్నాయి. మీ ఫ్రేమ్‌వర్క్ బయటికి చూపించే ఏపీఐలో సర్వ్‌లెట్ రిక్వెస్ట్, రెస్పాన్స్ టైపులు కనిపిస్తుంటే ఈఈ10 పొర తీసుకోండి. వాడేవాళ్లు ఇంకా జావాఎక్స్‌లోనే ఉండి, సర్వర్‌ని మాత్రం సురక్షితమైన వెర్షన్‌కి తేవడమే మీ అవసరమైతే ఈఈ8 ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోకుండా దాటిపోతారు. ఏడాది పాటు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది కాబట్టి ఒకసారి గట్టిగా ఆలోచించండి. ఇక మీకు సొంత రిక్వెస్ట్, రెస్పాన్స్ టైపులు ఉండి, సర్వ్‌లెట్ అనే మాట బయటికి ఎక్కడా కనిపించకపోతే, నేరుగా కోర్ హ్యాండ్లర్ మీద రాయండి. పని ఎక్కువే, కానీ మధ్యలో ఒక పొర తగ్గుతుంది, తర్వాత సర్వ్‌లెట్ వెర్షన్ ఎన్నిసార్లు మారినా మీకు సంబంధం ఉండదు.

తొందరపడి రెండు పొరలకూ ఒకేసారి సపోర్ట్ ప్రకటించకండి. పెద్ద ఫ్రేమ్‌వర్క్‌లు కూడా దీన్ని మెల్లగానే చేశాయి. స్ప్రింగ్ బూట్ 3.0 జెట్టీ 11తోనే వచ్చింది, జెట్టీ వాడాలంటే సర్వ్‌లెట్ ఏపీఐని 5.0కి దించుకోమని చెప్పింది. జెట్టీ 12 సపోర్ట్ 3.2లో చేరింది.

సర్వర్ పేరు ఎక్కడెక్కడ లీకవుతోందో చూడండి

కోడ్ అంతటా రెండు మాటలు వెతకండి: జెట్టీ ప్యాకేజీ పేరు, జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్. దొరికిన ఫైళ్లను రెండు కుప్పలుగా పెట్టండి. సర్వర్‌ని లేపే, ఆపే, రిక్వెస్ట్‌ని మార్చే ఫైళ్లు ఒక కుప్ప. అక్కడ సర్వర్ పేరు ఉండటం సహజం. మిగతావన్నీ రెండో కుప్ప. టెంప్లేట్ ఇంజిన్‌లోనో, కుకీ చదివే యుటిలిటీలోనో జెట్టీ క్లాసు కనిపిస్తే అది లీకు. కొత్త సర్వర్ జోలికి వెళ్లకముందే, పాత సర్వర్ మీద ఉండగానే ఆ లీకుల్ని మూసేసి రిలీజ్ చేయండి. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే ఏది ఏం చెడగొట్టిందో తేల్చుకోలేరు.

పేర్లు మార్చేటప్పుడు జావాఎక్స్ అని కనిపించిన ప్రతిదాన్నీ జకార్తాగా మార్చే కమాండ్ మాత్రం కొట్టకండి. జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ డాట్ క్రిప్టో, జావాఎక్స్ డాట్ నెట్ డాట్ ఎస్ఎస్ఎల్ ఇవన్నీ జేడీకేలోవి, అవి మారలేదు, మారవు. వీటిని పొరపాటున మారిస్తే కంపైలర్ పట్టుకుంటుంది కాబట్టి పెద్ద నష్టం లేదు. దానికి పట్టుబడనివి వేరే ఉన్నాయి. ఎర్రర్ పేజీ కోసం రిక్వెస్ట్ అట్రిబ్యూట్‌గా చదివే స్టేటస్ కోడ్ పేరు ఒక స్ట్రింగ్. క్లయింట్ సర్టిఫికెట్ చదివే అట్రిబ్యూట్ పేరూ స్ట్రింగే. రెండూ జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ అని మొదలవుతాయి. మార్చడం మర్చిపోతే బిల్డ్ పచ్చగానే ఉంటుంది, నడిచేటప్పుడు నల్ వస్తుంది. ఎర్రర్ పేజీ ఖాళీగా వస్తే గమనిస్తాం. క్లయింట్ సర్టిఫికెట్ నల్‌గా వస్తే మీ కోడ్ దాన్ని "సర్టిఫికెట్ పంపలేదు" అని అర్థం చేసుకుంటుంది, అది లాగిన్ వ్యవహారం. అలాగే మెటా-ఇన్ఫ్ కింద సర్వీసెస్ ఫోల్డర్‌లో ఫైలు పేరే ఇంటర్‌ఫేస్ పేరు. లోపలి వాక్యాలు మార్చి ఫైలు పేరు వదిలేస్తే, సర్వర్ లేచేటప్పుడు నడవాల్సిన ఇనిషియలైజర్ అసలు నడవదు, ఎవరూ ఫిర్యాదు కూడా చేయరు. కోట్స్ మధ్య ఉన్న స్ట్రింగులు, ఫైలు పేర్లు, ఎక్స్ఎంఎల్ ఈ మూడింటినీ కంటితో చూడాల్సిందే.

పాత సర్వర్ మీదే టెస్టులు రాయండి

మొత్తం పనిలో నేను గట్టిగా పట్టుబట్టే మెట్టు ఇది. కొత్త మాడ్యూల్‌లో ఒక్క లైనూ రాయకముందు, ఇప్పుడున్న ప్రవర్తనను టెస్టులుగా పట్టుకోండి. ఇవి యూనిట్ టెస్టులు కావు. నిజంగా సర్వర్ లేపి, పోర్ట్ 0 ఇచ్చి, అది ఎంచుకున్న పోర్ట్ నంబర్ అడిగి తెలుసుకుని, హెచ్‌టీటీపీ మీద రిక్వెస్ట్ పంపి, వచ్చిన బైట్లను చూసే టెస్టులు. వాటిలో జెట్టీ క్లాసు ఒక్కటి కూడా ఉండకూడదు. సర్వర్ ఏదైనా ఇదే టెస్ట్ సూట్ నడవాలి. సర్వర్‌ని లేపే ఒక చిన్న ఇంటర్‌ఫేస్ మాత్రం ప్రతి మాడ్యూల్ తనది తాను ఇస్తుంది.

ఏం పరీక్షించాలి? మామూలు గెట్, పోస్ట్ కంటే అంచుల్లో ఉన్నవి చూడండి. బాడీ లేని పోస్ట్. హెడర్ ఒకటే రెండుసార్లు వస్తే. బాడీ సగం పంపి క్లయింట్ వెళ్లిపోతే. హెడ్ రిక్వెస్ట్‌కి కంటెంట్-లెంగ్త్ ఏమొస్తుంది. కుకీ విలువలో కోట్స్ ఉంటే. పెద్ద ఫారం వస్తే. యూఆర్ఎల్ దారిలో రెండు స్లాష్‌లు పక్కపక్కన ఉంటే. హ్యాండ్లర్ ఎక్సెప్షన్ విసిరితే, అది కూడా రెస్పాన్స్ సగం వెళ్లాక విసిరితే. ఇలాంటి వాటికి హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీ వాడితే అదే మధ్యలో సర్దేస్తుంది, కాబట్టి కొన్నింటిని నేరుగా సాకెట్ తెరిచి టెక్స్ట్ రాసి పంపండి.

పాత సర్వర్ మీద ఈ సూట్ మొత్తం పచ్చగా వచ్చాక, మీకు మీ ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే హామీల జాబితా మొదటిసారి రాతపూర్వకంగా చేతిలో ఉంటుంది.

కొత్త మాడ్యూల్

పాత మాడ్యూల్‌ని మార్చకండి. పక్కన కొత్తది తెరవండి. జెట్టీ లైబ్రరీల వెర్షన్లు ఒక్కొక్కటిగా రాయకుండా జెట్టీ వాళ్లిచ్చే బామ్‌ని (ఒకదానికొకటి సరిపడే వెర్షన్ల జాబితా ఫైలు) దించుకోండి. ఈఈ10 పొరకి వేరే బామ్ ఉంది, రెండింటిదీ ఒకే వెర్షన్ ఉండాలి. తర్వాత డిపెండెన్సీ ట్రీ ప్రింట్ చేసి, పాత సర్వ్‌లెట్ ఏపీఐ జార్ ఏదైనా వెనక తలుపు గుండా వస్తోందేమో చూడండి. ఈఈ10లో సర్వ్‌లెట్ క్లాసుల ప్యాకేజీ పేరు మధ్యలో ఈఈ10 అన్న ముక్క చేరింది. ఇంపోర్ట్ లైన్లు చాలావరకు ఈ ఒక్క మార్పుతోనే కుదుటపడతాయి. సర్వ్‌లెట్ 6.0లో కొన్ని పాత మెథడ్‌లు పూర్తిగా పోయాయి. స్టేటస్ కోడ్‌తో పాటు సందేశం కూడా తీసుకునే సెట్‌స్టేటస్ వాటిలో ఒకటి.

లాగింగ్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. జెట్టీ 10 నుంచి ఎస్ఎల్ఎఫ్4జే 2 వాడుతున్నారు. లాగ్ సందేశాల్ని అసలు రాసే లైబ్రరీకి, అంటే ప్రొవైడర్‌కి, అందించే పొర ఇది. అది తన ప్రొవైడర్‌ని వెతికే పద్ధతి మారింది. మీ దగ్గర ప్రొవైడర్‌గా లాగ్‌బ్యాక్ 1.2 ఉంటే కొత్త ఎస్ఎల్ఎఫ్4జే దాన్ని గుర్తించదు. మొదట్లో ఒక హెచ్చరిక రాసి, ఆ తర్వాత లాగ్‌లన్నీ పారేస్తుంది. సర్వర్ చక్కగా నడుస్తుంది, టెస్టులు పచ్చగా ఉంటాయి, లాగ్ ఫైలు మాత్రం ఖాళీ. బగ్ వచ్చిన రోజు ఇది తెలుసుకోవడం కంటే ఇప్పుడే లాగ్‌బ్యాక్ వెర్షన్ పెంచుకోవడం మేలు.

కాల్‌బ్యాక్ ఒప్పందం

కోర్ హ్యాండ్లర్ దారి ఎంచుకున్నవాళ్లు ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి. సర్వ్‌లెట్ పొర మీద ఉన్నవాళ్లకు ఇది లోపల జరిగిపోతుంది.

పాత జెట్టీలో హ్యాండిల్ మెథడ్ ఏమీ తిరిగి ఇచ్చేది కాదు. పని అయ్యాక రిక్వెస్ట్ మీద "హ్యాండిల్ అయింది" అని గుర్తు పెట్టేవాళ్లం. మెథడ్ నుంచి బయటికి వస్తే, అసింక్ (తర్వాత ముగించే పద్ధతి) మొదలుపెట్టకపోతే, రెస్పాన్స్ ముగిసినట్టే. జెట్టీ 12లో హ్యాండిల్ మెథడ్ రిక్వెస్ట్, రెస్పాన్స్‌తో పాటు ఒక కాల్‌బ్యాక్ (పని ముగిసిందని సర్వర్‌కి చెప్పే ఆబ్జెక్ట్) తీసుకుంటుంది, ట్రూ లేదా ఫాల్స్ తిరిగి ఇస్తుంది. ఫాల్స్ అంటే "ఇది నాది కాదు, తర్వాతి హ్యాండ్లర్‌ని అడుగు". ఫాల్స్ ఇస్తే రెస్పాన్స్‌ని గానీ కాల్‌బ్యాక్‌ని గానీ ముట్టుకోకూడదు. ట్రూ అంటే "ఈ రిక్వెస్ట్ పూచీ నాది, కాల్‌బ్యాక్‌ని నేనే ముగిస్తాను". ముగించడం అప్పుడే జరగాలని లేదు, కానీ ఎప్పుడో ఒకప్పుడు, సరిగ్గా ఒక్కసారి జరగాలి.

ఈ ఒప్పందాన్ని చదివి అర్థమైందనుకున్నాక కూడా మా టీమ్ దీని మీదే జారింది. మా ఫ్రేమ్‌వర్క్ యూజర్ కోడ్‌ని తన సొంత త్రెడ్ పూల్‌లో నడిపేది. హ్యాండ్లర్ ఆ పూల్‌కి పని అప్పగించి ట్రూ ఇచ్చేసేది. పూల్‌లోని పని మొత్తం ఒక ట్రై-క్యాచ్‌లో ఉండేది. క్యాచ్ లాగ్ రాసి ఊరుకునేది. పాత సర్వర్‌లో ఇది సమస్య కాలేదు, ఎందుకంటే అసింక్ టైమౌట్ వచ్చి రెస్పాన్స్‌ని ముగించేది. కొత్తదాంట్లో కొన్ని అప్‌లోడ్‌లు మధ్యలో ఆగి, క్లయింట్ విసిగి వెళ్లిపోయేదాకా అలాగే ఉండిపోయాయి. త్రెడ్ డంప్, అంటే ఏ త్రెడ్ ఏం చేస్తోందో చూపే చిట్టా, తీశాం. అన్ని త్రెడ్‌లూ పని కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నాయి. ఇరుక్కున్న త్రెడ్ ఒక్కటీ లేదు. అదే మమ్మల్ని రెండు రోజులు తప్పుదారి పట్టించింది. మర్చిపోయిన కాల్‌బ్యాక్ ఏ త్రెడ్‌నీ పట్టుకుని ఉండదు, అందుకే డంప్‌లో దానికి ఆనవాలే ఉండదు.

కాబట్టి సర్వర్ ఇచ్చిన కాల్‌బ్యాక్‌ని యథాతథంగా కోడ్‌లోకి వదలకండి. ఒక చిన్న క్లాస్‌లో చుట్టండి. లోపల ఒక అటామిక్ బూలియన్ ఉంచి, మొదటి పిలుపుని మాత్రమే అసలు కాల్‌బ్యాక్‌కి పంపండి, రెండో పిలుపు వస్తే ఎక్కడి నుంచి వచ్చిందో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్ రాయండి. పూల్‌లో నడిచే పని ఏ దారిన బయటికి వచ్చినా ఈ క్లాస్ ముగిసిందా లేదా అని చూసుకునేలా ఫైనల్లీలో ఒక తనిఖీ పెట్టండి. హ్యాండిల్ మెథడ్ నుంచే నేరుగా ఎక్సెప్షన్ బయటికి వస్తే మాత్రం సర్వర్ దాన్ని ఫెయిల్యూర్‌గా తీసుకుని తనే ముగిస్తుంది. వేరే త్రెడ్‌లో విసిరింది దానికి తెలియదు.

రెండుసార్లు ముగించే తప్పు ఎక్కువగా ఇలా దొర్లుతుంది: చివరి ముక్క రాసేటప్పుడు రైట్ మెథడ్‌కి అదే కాల్‌బ్యాక్‌ని ఇస్తాం. ఆ రైట్ పూర్తయితే కాల్‌బ్యాక్ దానంతటదే ముగుస్తుంది. కింది లైన్లో మళ్లీ సక్సీడెడ్ పిలిస్తే రెండోసారి అయినట్టు.

ఇన్‌వొకేషన్ టైప్ అని ఇంకొకటి కనిపిస్తుంది. హ్యాండ్లర్‌ని నాన్-బ్లాకింగ్‌గా ప్రకటిస్తే వేగం పెరుగుతుందని చదివి చాలామంది ఆశపడతారు. యూజర్ రాసిన కోడ్ డేటాబేస్‌ని పిలుస్తుందో, ఫైలు చదువుతుందో మీకు తెలియదు. ఆ మాట మీరు ఇవ్వలేరు కాబట్టి బ్లాకింగ్‌గానే ఉంచండి.

బాడీ చదవడం

కొత్త రిక్వెస్ట్‌లో ఇన్‌పుట్ స్ట్రీమ్ నేరుగా ఉండదు. రీడ్ పిలిస్తే ఒక చంక్ (డేటా ముక్క) వస్తుంది. డేటా ఇంకా రాకపోతే నల్ వస్తుంది. అప్పుడు డిమాండ్ అనే మెథడ్‌కి ఒక రన్నబుల్ ఇస్తే, డేటా వచ్చాక సర్వర్ దాన్ని పిలుస్తుంది. చంక్ ఫెయిల్యూర్ కావచ్చు, చివరిది కావచ్చు. రెండూ చూడాలి. వాడిన ప్రతి చంక్‌నీ రిలీజ్ చేయాలి, లేకపోతే బఫర్ పూల్‌కి తిరిగి వెళ్లదు.

మీ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకు ఇన్‌పుట్ స్ట్రీమే ఇస్తుంటే ఈ తంతు మీరు చేయనక్కర్లేదు. కంటెంట్ సోర్స్‌ని ఇన్‌పుట్ స్ట్రీమ్‌గా మార్చే మెథడ్ జెట్టీలోనే ఉంది, అవుట్‌పుట్ వైపు కూడా అలాంటిదే ఉంది. మొదటి రిలీజ్‌లో అవే వాడండి. చంక్‌లు మీరే చదవాల్సి వస్తే, టెస్టుల్లో మామూలు బఫర్ పూల్ బదులు జెట్టీ ఇచ్చే ట్రాకింగ్ పూల్ పెట్టండి. రిలీజ్ కాని బఫర్ ఎక్కడ తీసుకున్నదో అది చూపిస్తుంది. ఈ ఒక్క సదుపాయం వారాల వెతుకులాటని తప్పిస్తుంది.

యూఆర్ఎల్ దారిలో దాగిన స్లాష్

ఇప్పుడు పాత టెస్ట్ సూట్‌ని కొత్త మాడ్యూల్ మీద నడపండి. ఎర్రగా వచ్చేవాటిలో %2ఎఫ్ టెస్ట్ దాదాపు ఖాయంగా ఉంటుంది. అది ఎన్‌కోడ్ చేసిన స్లాష్. ఒక డాక్యుమెంట్ పేరులోనే స్లాష్ ఉంటే క్లయింట్లు ఇలా పంపుతారు. పాత సర్వర్ దాన్ని లోపలికి రానిచ్చేది. జెట్టీ 10 నుంచి ఇలాంటి దారిని అస్పష్టమైనదిగా లెక్కగట్టి, మీ కోడ్ దాకా రానివ్వకుండానే 400 ఇస్తుంది.

ఇది బగ్ కాదు. "ఎ స్లాష్ బి" అనే ఒకే పేరా, లేక ఎ కింద బి అనే రెండు మెట్లా అన్నది సెక్యూరిటీ ఫిల్టర్ ఒక రకంగా, అప్లికేషన్ ఇంకో రకంగా చదివితే, అడ్డుకోవాల్సిన రిక్వెస్ట్ లోపలికి జారిపోతుంది. అందుకే డిఫాల్ట్‌గా మూసేశారు, ఆ నిర్ణయం సరైనదే. మీ ఫ్రేమ్‌వర్క్ కూడా మూసే ఉంచాలి. కావాల్సినవాళ్లకు ఒక సెట్టింగ్ ఇవ్వండి. కోర్‌లో హెచ్‌టీటీపీ కాన్ఫిగరేషన్‌లో ఎలాంటి దారుల్ని రానివ్వాలో చెప్పే యూఆర్ఐ కంప్లయన్స్‌కి ఆ ఒక్క మినహాయింపు చేర్చితే చాలు. ఈఈ10 పొర మీద అది సరిపోదు. సర్వ్‌లెట్ పాత్ అడిగే మెథడ్‌లు మళ్లీ ఎక్సెప్షన్ విసురుతాయి, సర్వ్‌లెట్ హ్యాండ్లర్‌లో అస్పష్టమైన దారుల్ని డీకోడ్ చేయమనే సెట్టింగ్ కూడా తెరవాలి. ఒకటి తెరిచి రెండోది మర్చిపోయి గంటలు పోగొట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

మిగతా ఎర్ర టెస్టుల్ని కూడా ఇలాగే ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తీర్పు చెప్పండి: పాత ప్రవర్తన హామీయా, అలవాటా? హామీ అయితే మీ మాడ్యూల్‌లో దాన్ని నిలబెట్టండి. అలవాటైతే టెస్ట్ మార్చి, మార్పుని రిలీజ్ నోట్స్‌లో రాయండి. ఎర్ర టెస్ట్‌ని తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

మిగిలిన చిల్లర పనులు

వెబ్‌సాకెట్ ఉంటే లిజనర్ ఇంటర్‌ఫేస్‌లు మారాయి. కనెక్ట్ అన్న పేరు ఓపెన్ అయింది. తర్వాతి సందేశం కావాలని మీరే డిమాండ్ చేయాలి, లేదా ఆటో-డిమాండింగ్ రకం లిజనర్ వాడాలి. మొదటి సందేశం వచ్చి రెండోది రాకపోతే కారణం ఇదే. స్టాటిక్ ఫైళ్లకు రిసోర్స్‌ని ఇప్పుడు రిసోర్స్ ఫ్యాక్టరీ ద్వారా తీసుకోవాలి. సర్వర్ ఆగేటప్పుడు నడుస్తున్న రిక్వెస్ట్‌ల కోసం ఆగడానికి గ్రేస్‌ఫుల్ హ్యాండ్లర్ పెట్టి, స్టాప్ టైమౌట్ ఇవ్వండి. రెండూ ఉంటేనే పని చేస్తుంది.

జావా 21 మీద వర్చువల్ త్రెడ్‌లు వాడుకోవడానికి త్రెడ్ పూల్‌లో ఒక సెట్టింగ్ ఉంది. దాన్ని వాడేవాళ్ల ఎంపికకే వదలండి, డిఫాల్ట్ చేయకండి.

ఏ మాడ్యూల్ వాడాలో మీ ఫ్రేమ్‌వర్క్ క్లాస్‌పాత్ చూసి తనే ఎంచుకుంటుంటే, సర్వర్ అనే క్లాస్ ఉందా అని చూడటం పనికిరాదు. అది జెట్టీ 9 నుంచి 12 దాకా అన్నింటిలోనూ అదే పేరుతో ఉంది. వెర్షన్ స్ట్రింగ్ అడగండి, లేదా 12లో మాత్రమే ఉన్న ఒక క్లాస్ పేరు వెతకండి. రెండు మాడ్యూళ్లూ క్లాస్‌పాత్‌లో కనిపిస్తే ఏదో ఒకటి ఊహించుకుని లేవకుండా, రెండు జార్‌ల పేర్లూ చెప్పి ఆగిపోండి.

సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులు నడిపే వ్యవస్థలో) సూట్‌ని రెండు మాడ్యూళ్ల మీదా నడపండి. కొత్తదాన్ని జావా 17, 21 రెండింటి మీదా నడపండి. తొలి రిలీజ్‌ని ప్రయోగాత్మకం అని ప్రకటించి, పాత మాడ్యూల్‌ని డిఫాల్ట్‌గానే ఉంచండి. ఒక రిలీజ్ కాలం గడిచి, వచ్చిన బగ్‌లన్నింటికీ సూట్‌లో టెస్టులు చేరాక డిఫాల్ట్ మార్చండి. పాత మాడ్యూల్‌ని తీసేసే తేదీని అదే రిలీజ్ నోట్స్‌లో మొదటి వాక్యంగా రాయండి.